మేఖ్రి సర్కిల్ దగ్గర దిగితే ఐరన్ మెయిడెన్

2007 ఫిబ్రవరి మొదటి వారం. అనంతపురంలో ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతున్నాను. రాత్రి తొమ్మిదప్పుడు హాస్టల్ వాచ్‌మన్ నాకు ఫోనొచ్చిందని కిందనుంచి కేకేశాడు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా సీనియరన్న.

"రేయ్, మార్చి పదిహేడు శనివారం ఏం పనీ పెట్టుకోవాకు. ఐరన్ మెయిడెన్ వస్తాండారు. ప్యాలెస్ గ్రౌండ్స్‌లో."

ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. ఇండియాకి అప్పటిదాకా వచ్చిన పెద్ద రాక్ కళాకారుల పేర్లు ఆయన నోటే విన్నాను. 2002లో పింక్ ఫ్లాయిడ్ బ్యాండులో ఒకప్పుడున్న రోజర్ వాటర్స్, 2005లో డైర్ స్ట్రెయిట్స్ బ్యాండులో ఒకప్పుడున్న మార్క్ నాఫ్లర్. అందరూ వయసు మళ్ళాక, తీరిక చూసుకుని వచ్చినవాళ్ళే. కొత్త ఆల్బమ్ విడుదల చేసి, ఆ టూర్ మధ్యలో ఐరన్ మెయిడెన్ లాంటి ఇంగ్లండు మెటల్ బ్యాండు, గిటార్లూ డ్రమ్ములూ హోరెత్తించే రాక్ వాయించేవాళ్ళు, మా పక్క ఊరికి రావడమేమిటి? మూడుసార్లు ఒట్టు వేయించుకుని ఫోన్ పెట్టేశాను. పైకొచ్చి రూమ్మేట్‌కి చెబితే, "ఆ గోల చేసేవాళ్ళేనా? వాళ్ళకి టికెట్టు వేరేనా?" అన్నాడు.

వాడి తప్పేం లేదు. హాస్టలంతటికీ ఆ పాటలు వినేవాణ్ణి నేనొక్కణ్ణే. సీనియరన్న చదువైపోయి వెళ్ళిపోతూ నాకొక ఎంపీ3 సీడీ ఇచ్చి వెళ్ళాడు. దాన్ని రూమ్మేట్ కంప్యూటర్లో పెట్టి, కుడివైపుది పనిచేయని స్పీకర్లలో రెండేళ్ళు విన్నాను. సుభాష్ రోడ్డులో ఒక నెట్ సెంటర్లో పాటల సాహిత్యం ప్రింటు తీయించుకుని, మడతలు చిరిగేదాకా చదివాను. పక్క గదులవాళ్ళు తలుపు కొట్టేవాళ్ళు. ఇది నాకొక్కడికే పట్టిన పిచ్చి, చదువైపోతే అదే వదులుతుందని నాకూ లోలోపల ఉండేది.

టికెట్టు సీనియరన్నే బెంగళూరులో కొని పెట్టాడు. దాని ఖరీదు నాకు ఒక నెల మెస్ బిల్లుతో సమానం. ఆ డబ్బు ఇంట్లో అడిగే వీల్లేదు. ఫిబ్రవరంతా పక్కవాళ్ళకి ల్యాబ్ రికార్డులు రాసిపెట్టాను. మెకానికల్ వాళ్ళ రికార్డులకి బొమ్మలెక్కువ కాబట్టి వాటికి రేటు కూడా ఎక్కువ. ఇంజిన్ వాల్వు బొమ్మలు కళ్ళు మూసుకుని గీసే స్థితికొచ్చాక టికెట్టు డబ్బులు, పైన ఒక రెండొందలు తేలాయి. ఛార్జీల సంగతి ఇంకా ఉంది.

దానికి నాయన ఉన్నాడు. మా నాయన ధర్మవరం డిపోలో కండక్టరు. ఒక ఆదివారం ఇంటికెళ్ళి, అన్నం తింటున్నప్పుడు విషయం చెప్పాను. ఇంగ్లీషు పాటల కచేరీ, బెంగళూరులో, ఇప్పటికే టికెట్టు కొన్నాను. అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. నాయన ఏం పాటలు, ఎవరు వాళ్ళు, పరీక్షలెప్పుడు అని ఏమీ అడగలేదు.

"ఎన్ని గంటలకి ఐపోతాది?"

"పదికి ఐపోతాది నాయనా."

"ప్యాలెస్ గ్రౌండా? బళ్ళారి రోడ్డు మీదే కదా అది. పదికి ఇడిస్తే, ఆ జనంలో మెజిస్టిక్ బస్టాండు దాకా యాడ పోతావు? మేఖ్రి సర్కిల్ కాడ నిలబడు. పదిన్నరకి మెజిస్టిక్‌లో బయల్దేరే అనంతపురం బండి ఆ దావనే రావల్ల. నేను చెప్పి పెడతాలే."

అనంతపురం నుంచి బెంగళూరుకి రెండువందల కిలోమీటర్ల పైచిలుకు. హెబ్బాళ దాటి ఊళ్ళోకి దిగే ఆ రోడ్డు మీదే ప్యాలెస్ గ్రౌండ్స్. అంటే మా ఊరి బస్సు ఆ మైదానం గోడ పక్కనుంచే పోతుంది. ఎన్నోసార్లు ఆ దారిన వెళ్ళి కూడా ఆ గోడ వెనక ఏముందో నేను పట్టించుకోలేదు. నాయనకి మాత్రం ప్రతి స్టాపూ, ప్రతి సిగ్నలూ తెలుసు.

మార్చి 17న తెల్లవారుజామున నాలుగున్నర బస్సెక్కాను. ముందురోజు రాత్రి నిద్ర పట్టలేదు. నల్ల టీషర్టు ఒకటే ఉంది, అదీ బొమ్మ లేనిది. అనంతపురంలో ఆ బ్యాండు బొమ్మ ఉన్న చొక్కా ఎక్కడ దొరుకుతుంది? బాగేపల్లిలో టీ తాగాం. కర్ణాటకే అయినా టీ కొట్టు మాటలన్నీ తెలుగే. చిక్కబళ్ళాపురం దాటాక దేవనహళ్ళి దగ్గర కొత్త విమానాశ్రయం పనులు జరుగుతున్నాయి. లారీల దుమ్ములో బస్సు అరగంట పాకింది. హెబ్బాళ ఫ్లైఓవర్ దిగేసరికి దాదాపు పది.

అక్కడ కిటికీలోంచి చూశాను. రోడ్డుకి రెండు పక్కలా నల్ల టీషర్టులు. ఇద్దరు, ముగ్గురు, పది మంది. జుట్టు భుజాలదాకా పెంచినవాళ్ళు, గుండు కొట్టించుకున్నవాళ్ళు, ఆ ఎండలో తోలు జాకెట్టు తొడుక్కున్న మహానుభావుడు ఒకడు. అందరూ ఒకే వైపు నడుస్తున్నారు. మా కండక్టరు తల బయటపెట్టి చూసి, "ఏమప్పా ఇది, ఈ కాలంలో ఇంతమంది అయ్యప్పలా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేను నవ్వలేదు. గొంతులో ఏదో అడ్డం పడింది. ఆ నడిచేవాళ్ళలో ఒకడి వీపు మీద, నా సీడీలో ఉన్న ఆల్బమ్ బొమ్మే ఉంది.

మేఖ్రి సర్కిల్ దగ్గర దిగి సీనియరన్నని పట్టుకున్నాను. ఫుట్‌పాత్ మీద దుప్పటి పరిచి టీషర్టులు అమ్ముతున్నారు. అన్నిటి మీదా ఎడ్డీ, ఆ బ్యాండు ఎముకల బొమ్మ. నూటయాభై చెప్పినవాణ్ణి నూటఇరవైకి దింపి ఒకటి కొని అక్కడే మార్చుకున్నాను. తర్వాత మొదటి ఉతుకులోనే అది బకెట్‌లో ఉన్న బనియన్లన్నిటినీ బూడిదరంగు చేసి పెట్టింది.

పదకొండుకి లైన్లో నిలబడ్డాం. గేటు తీసింది మధ్యాహ్నం ఎప్పుడో, నీడలు వాలాక. ఆ మధ్యలో గడిచిన గంటల గురించి ఎవరూ చెప్పరు గానీ, నాకు సంగీతం ఎంత గుర్తుందో ఆ లైనూ అంతే గుర్తుంది. మార్చి ఎండ బెంగళూరులోనూ ఎండే. మజ్జిగ ప్యాకెట్లు, ఉప్పూకారం అద్దిన దోసకాయ ముక్కలు, బొరుగులు. మా ముందు నలుగురు నాగాలాండ్ అబ్బాయిలు. దిమాపూర్ నుంచి మూడు రోజులు రైళ్ళు మారి వచ్చారట, మొహాల్లో అలసట లేదు. వెనక విశాఖపట్నం బ్యాచ్. "ఒరేయ్ గురూ, నీళ్ళు అవగొట్టేశావేంట్రా" అని వినబడగానే తిరిగి చూసి పలకరించాను. వాళ్ళు రైలు రద్దీలో రిజర్వేషన్ దొరక్క జనరల్ బోగీలో వచ్చారు. ఆ వారంలోనే ఉగాది మరి.

అక్కడే మొదలైంది వాదన. పాత గాయకుడు పాల్ డియానో పాడిన మొదటి రెండు ఆల్బమ్‌లు గొప్పవా, బ్రూస్ డికిన్సన్ వచ్చాక వచ్చినవి గొప్పవా? విశాఖ అబ్బాయి డియానో పక్షం. నాగాలాండ్ అబ్బాయి ఒప్పుకోడు. మధ్యలో ఒక కోయంబత్తూరు పెద్దాయన, నలభై ఏళ్ళుంటాయి, ఇద్దరికీ తెలీని విషయాలు చెప్పి నోళ్ళు మూయించాడు. నేను వింటూ నిలబడ్డాను. ఈ పాటల గురించి నాకు తలలో మాత్రమే మాటలుండేవి. బయట, ఎండలో, ఇంతమంది వాటి గురించి కొట్లాడుకోవడం అదే మొదటిసారి చూడటం. కాసేపటికి నేనూ నోరు తెరిచాను. బాస్ వాయించే స్టీవ్ హారిస్ లేకపోతే అసలు బ్యాండే లేదన్నాను. కోయంబత్తూరాయన నా భుజం తట్టాడు. ఆ ఆనందం ముందు సెమిస్టర్ ఫస్టు క్లాసు దిగదుడుపే.

ఇక్కడ కొత్తవాళ్ళకొక మాట. గేటు దగ్గర తనిఖీలో నీళ్ళ సీసా తీసేస్తారని అందరికీ తెలుసు. లైటర్లు, బెల్టులు, పెన్నులు కూడా తీసేశారు. చిల్లర నాణేలు సైతం లాగేసుకుంటారని మాత్రం నాకు తెలీదు. స్టేజీ మీదికి విసురుతారని భయమట. ఒక అట్టపెట్టె నిండా రూపాయి, రెండు రూపాయల బిళ్ళలు. పెద్ద తిరునాళ్ళ హుండీకి తక్కువేం కాదు. రాత్రి తిరిగెళ్ళేటప్పుడు చేతిలో చిల్లర లేక చాలామంది ఆటోవాళ్ళతో గొడవ పడటం చూశాను. నోట్లే పెట్టుకుని వెళ్ళండి, అవీ రెండు జేబుల్లో.

లోపల ఎర్రమట్టి మైదానం, దూరంగా స్టేజీ. సీనియరన్న 2002లో రోజర్ వాటర్స్‌ని ఇదే మైదానంలో చూసినవాడు. "సౌండ్ కలిపే టెంటు కనబడుతోందా, దాని ముందు నిలబడితే ఒరిజినల్ ఎట్లుంటాదో అట్ల వినిపిస్తాది. ముందరికి పోతే మనుషులు కనిపిస్తారు, పాట వినపడదు. ఒకసారి పోయినావంటే మళ్ళ ఎనక్కి రాలేవు, నీళ్ళకీ రాలేవు, ఒంటేలుకీ రాలేవు" అన్నాడు. ఆయన చెప్పిందంతా నిజం. అయినా నేను ముందుకే వెళ్ళాను. వెళ్ళేముందు ఇద్దరం ఒక గుర్తు పెట్టుకున్నాం: అయిపోయాక బయట రోడ్డవతల ఫలానా పెట్రోల్ బంకు. ఫోన్లు నమ్ముకోవద్దన్నాడు. ఆ సలహా బంగారం. రాత్రి అంతమందిలో నా నోకియా 1100కి సిగ్నల్ గీత ఒక్కటి కూడా లేదు.

మొదట ఢిల్లీ బ్యాండ్ పరిక్రమ. రాక్ బ్యాండ్‌లో వయొలిన్ ఏమిటనుకున్నాను, రెండో పాటకల్లా ఆ అనుమానం పోయింది. ఆ రోజు వాళ్ళ వాయింపు మెయిడెన్ వాళ్ళకి ఎంత నచ్చిందంటే, ఆ ఏడాదే ఇంగ్లండులో జరిగే డౌన్‌లోడ్ ఫెస్టివల్‌కి పిలుపొచ్చింది. తర్వాత స్టీవ్ హారిస్ కూతురు లారెన్ హారిస్ పాడింది. పాపం, ఆవిడ పాటకీ పాటకీ మధ్య జనం వాళ్ళ నాన్న బ్యాండు పేరే అరుస్తున్నారు.

ఆ తర్వాత గంటకి పైగా ఏమీ లేదు. స్టేజీ మీద ఎవరో తీగలు లాగుతున్నారు, గుడ్డలు కప్పుతున్నారు. చీకటి పడింది. వెనకనుంచి తోపు మొదలైంది. కాళ్ళ కింద నేల నాది కాదు, జనం ఎటు ఊగితే అటు నేను. ఒక మనిషి ఎత్తు ఇంతుంటే లోకం అంతే కనబడుతుంది. నా ముందున్న ఆరడుగుల పంజాబీ తలపాగా నా లోకంలో సగం.

ఉన్నట్టుండి స్పీకర్లలో ఏదో పాత రికార్డు పాట వచ్చింది. మెయిడెన్‌ది కాదు. నేను మామూలుగానే ఉన్నాను, చుట్టూ సగం మంది మాత్రం పిచ్చెక్కినట్టు కేకలు. పక్కనున్నతను నా చెవిలో నోరు పెట్టి చెప్పాడు: యూఎఫ్‌ఓ అనే బ్యాండు పాట అది, 'డాక్టర్ డాక్టర్'. ప్రతి ఊళ్ళోనూ మెయిడెన్ వచ్చేముందు అది వేస్తారు. అది అయిపోయిందంటే వాళ్ళొచ్చినట్టే. ఏ ఎంపీ3 సీడీలోనూ ఉండని సంగతి. గుళ్ళో తెర తీసేముందు గంట కొడతారని నలుగురితో వెళితేనే తెలుస్తుంది.

దీపాలు ఆరిపోయాయి. ఆరుగురు మనుషులు వెలుగులోకి పరుగెత్తుకొచ్చారు.

మొదటి ఐదు నిమిషాలు నేనేం విన్నానో చెప్పలేను. 'డిఫరెంట్ వరల్డ్' అనే పాటతో మొదలుపెట్టారని తెలుసు, ఎందుకంటే నా నోరు దాన్ని పాడుతోంది. చెవికి వినబడుతోంది ఒక మోత మాత్రమే. డ్రమ్ము దెబ్బ చెవిలో కాదు, రొమ్ము ఎముక మీద పడుతోంది. మా ఊరి జాతరలో ఉరుములవాళ్ళు పక్కనే నిలబడి వాయించినప్పుడు తప్ప అలాంటిది నాకు తెలీదు. కుడి స్పీకరు పనిచేయని బతుకు నాది. అందుకని ముగ్గురు గిటారిస్టులు ఉన్నారని తెలుసుగానీ, ఎవరి గిటారు ఏ వైపునుంచి వస్తోందో అప్పుడే మొదటిసారి విడిగా విన్నాను. ఒక పాటలో నేను రెండేళ్ళుగా ఒకే గిటారనుకున్నది నిజానికి ఇద్దరు ఒకరి వెనక ఒకరు వాయిస్తున్నది. డేవ్ ముర్రే నవ్వుతూ వాయిస్తాడు, ఏదో ఇంట్లో కూర్చున్నట్టు. జానిక్ గెర్స్ గిటారుని మెడ చుట్టూ తిప్పుతాడు. డ్రమ్ముల వెనక నికో మెక్‌బ్రెయిన్ ముక్కు తప్ప ఏమీ కనబడదు. బ్రూస్ డికిన్సన్‌కి అప్పటికి నలభై ఎనిమిదేళ్ళు. ఒకచోట నిలబడి పాడటం ఆ మనిషికి రాదు. ఊరి పేరు పెట్టి అరవమంటాడు, మనం అరిస్తే చాలదంటాడు.

కొత్త ఆల్బమ్ 2006 ఆగస్టులో వచ్చింది. అందులోవి ఏడెనిమిది నిమిషాల పాటలు. అవి వచ్చినప్పుడు జనంలో సగం మంది చల్లబడటం తెలుస్తూనే ఉంది. పాతవి పాడకుండా ఇవేమిటని పక్కన ఒకడు సణిగాడు. నాకు మాత్రం అవే నచ్చాయి. ఊపిరి పీల్చుకోవడానికి, స్టేజీ వైపు నిజంగా చూడటానికి వీలు దొరికింది. పాతికేళ్ళ కిందటి పాటలే పాడమనేవాళ్ళకి ఇంట్లో క్యాసెట్లు ఉంటాయి కదా?

తర్వాత 'ఫియర్ ఆఫ్ ద డార్క్' వచ్చింది.

ఆ పాట మొదట్లో గిటారు మీద నెమ్మదిగా ఒక వరుస ఉంటుంది. మాటలుండవు. నేను దాన్ని హాస్టల్ మేడ మీద ఈలవేసుకునేవాణ్ణి. గిటారు మొదలవ్వగానే మైదానం మొత్తం ఆ వరుసని గొంతుతో ఎత్తుకుంది. ఓ, ఓ అని. ముప్పై వేల మందో అంతకు పైనో. లైటర్లు గేటు దగ్గరే పోయాయి కాబట్టి చేతుల్లో సెల్‌ఫోన్ల చిన్న తెరలు, ఆకుపచ్చవీ నీలం రంగువీ. నేను అరుస్తున్నాను, నా గొంతు నాకే వినబడటం లేదు. ఆగి చూశాను, తేడా ఏమీ లేదు. మళ్ళీ అందుకున్నాను. నాగాలాండ్ అబ్బాయిల్లో ఒకడు ఎక్కణ్ణుంచో వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. లైన్లో వాడి పేరు చెప్పాడు, నేను మరిచిపోయాను. ఇద్దరం అలాగే పాట మొత్తం నిలబడ్డాం. పక్క గదివాళ్ళు తలుపులు బాదిన పాట, రూమ్మేట్ గోల అన్న పాట. ఇన్నివేల మంది ఇన్నాళ్ళూ ఎక్కడెక్కడ ఉండి వింటున్నారు? వీళ్ళ తలుపులూ ఎవరో ఒకరు బాదే ఉంటారు. నాకు ఏడుపొచ్చింది. దుమ్ములో అందరి కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి కాబట్టి ఎవరికీ తెలీదు.

పది గంటలకి అటూఇటూగా అయిపోయింది. మళ్ళీ వస్తారేమోనని జనం అరుస్తుంటే స్పీకర్లలో ఒక హాస్యపు పాట వేశారు. అది వచ్చిందంటే ఇక ఇంటికి పొమ్మని అర్థమట. అది కూడా పక్కవాడే చెప్పాడు.

బయటపడటానికి ముప్పావుగంట. దారులు తక్కువ, జనం ఎక్కువ, ఎవరూ తోసుకోకుండా నవ్వుతూ నడవడమే వింత. నేల మీద జంటలు తప్పిన చెప్పులు, బూట్లు. ముక్కు చీదితే ఎర్రమట్టి. మధ్యాహ్నం నుంచి నేను తాగింది రెండు నీళ్ళ పొట్లాలు, లోపల బయటికంటే రెండింతల ధర. పెట్రోల్ బంకు దగ్గర సీనియరన్న రెండు లీటర్ల సీసాతో నిలబడున్నాడు. మాట్లాడకుండా సగం తాగేశాను. ఆయన ఏదో అడిగాడు. పెదవులు కదలడం కనబడింది, చెవుల్లో గీ మని తప్ప ఏమీ లేదు.

పదకొండు దాటాక అనంతపురం బస్సు వచ్చింది. నాలాగే పది పదిహేను మంది చెయ్యెత్తారు. డ్రైవరు తల బయటపెట్టి, "ధర్మవరం కండక్టరు కొడుకు యావడప్పా?" అని అరిచాడట. నాకు వినబడలేదు, సీనియరన్న వీపు మీద చరిచి తోశాడు. డ్రైవరు నన్ను పైనుంచి కిందికి చూశాడు. ఎర్రమట్టి పూసుకున్న జుట్టు, గుండెల మీద ఎడ్డీ బొమ్మ.

"మీ నాయన మూడుసార్లు ఫోన్ చేసినాడు. పో, ఇంజను పక్కన కూర్చో. పాటలు బాగ పాడినారా?"

"బాగా పాడినారు చిన్నాయనా!"

బస్సులో నిద్రపోతున్న సగం మంది లేచారు. నేను అంత గట్టిగా అరిచానని నాకు తెలీదు.

ఆ రాత్రే వెస్టిండీస్‌లో ప్రపంచకప్ మ్యాచ్, ఇండియా బంగ్లాదేశ్‌తో. మన టైము ఏడు గంటలకి మొదలైంది. మైదానంలో ఉన్నన్ని గంటలూ నాకు ఆ సంగతే గుర్తులేదు. బస్సెక్కేసరికి మనవాళ్ళు 191కి ఆలౌట్. "నూటా తొంబై ఒకటి సాలదప్పా" అని కండక్టరు ప్రతి ఊళ్ళోనూ ఎవరికో ఒకరికి ఫోన్ చేస్తున్నాడు. పెనుకొండ దగ్గర టీకి ఆపినప్పుడు కొట్టు టీవీ ముందు జనం నిలబడిపోయి ఉన్నారు. బంగ్లాదేశ్ ఐదు వికెట్లతో గెలిచేసింది. పెద్దమనిషి ఒకాయన తలపట్టుకుని కూలబడ్డాడు. ద్రావిడ్‌నీ ధోనీనీ తిట్టని నోరు లేదు. అంత దుఃఖంలో నేనొక్కణ్ణి టీ గ్లాసు పట్టుకుని, ఆపుకోలేక, నవ్వుతూ నిలబడ్డాను. ఎవరో చూసి కొట్టబోయారు. డ్రైవరే అడ్డం వచ్చి, "పిల్లోనికి సెవులు వినపడ్లేదులేప్పా" అని పక్కకి లాక్కుపోయాడు.

తెల్లవారి నాయన హాస్టల్‌కి ఫోన్ చేశాడు. "చేరినావా?" "చేరినా నాయనా." పెట్టేశాడు. ఉగాదికి ఇంటికెళ్ళినప్పుడు అమ్మ ఆ టీషర్టుని వేలితో పట్టుకుని, పండగపూట ఆ దయ్యం బొమ్మని లోపలికి తేవొద్దంది. వాకిట్లో తీగ మీదే మూడు రోజులుంది.

లెక్క చెప్పాలంటే, టికెట్టు పోను రెండువందల చిల్లర అయింది. పోయేటప్పుడు ఛార్జీ ఉత్తదే, నాయన పాసు మీద. వచ్చేటప్పుడు డ్రైవరు చిన్నాయన టికెట్టు కొట్టించాడు, నాయన మాత్రం ఆ డబ్బు తర్వాత నా దగ్గర వసూలు చేశాడు. చెవులు మామూలయ్యేసరికి మూడో రోజు. ఇప్పుడు మందుల షాపుల్లో దొరికే, చెవుల్లో పెట్టుకునే స్పాంజి బిళ్ళలు అప్పట్లో ఎవరూ వాడేవాళ్ళు కాదు. పెట్టుకుంటే పాట ఇంకా శుభ్రంగా వినబడుతుంది, సిగ్గుపడకండి.

ఆ బ్యాండే 2009 ఫిబ్రవరి 15న మళ్ళీ అదే మైదానానికి వచ్చింది. ఈసారి దాదాపు అన్నీ ఎనభైల నాటి పాటలే. అప్పటికి నా చదువైపోయింది, ఆఫర్ లెటర్ చేతిలో ఉంది, ఆర్థికమాంద్యం దెబ్బకి చేరే తేదీ మాత్రం వాయిదా మీద వాయిదా. మారతహళ్ళిలో పీజీలో ముగ్గురం ఒక గదిలో ఉండి, అప్పు చేసి వెళ్ళాను. స్టేజీ పెద్దది, మంటలు, హంగులు అన్నీ ఎక్కువ. 2007లో లేనివన్నీ ఉన్నాయి. నాకు మాత్రం సౌండ్ టెంటు ముందు నిలబడాలనిపించింది, అక్కడే నిలబడ్డాను. సీనియరన్న అప్పటికే అమెరికా వెళ్ళిపోయాడు.

2011 అక్టోబరు 30 వేరే కథ. అదే మైదానంలో అమెరికా మెటల్ బ్యాండు మెటాలికా. అప్పటికి జీతం వస్తోంది, టికెట్టు ఆన్‌లైన్లో నిమిషంలో కొన్నాను, ఆ రాత్రి మెస్ బిల్లు గుర్తొచ్చి నవ్వుకున్నాను. అయితే రెండు రోజుల ముందు, 28న, గుర్గావ్‌లో జరగాల్సిన వాళ్ళ కచేరీ ఆఖరి నిమిషంలో ఆగిపోయింది. అప్పటికే లోపలున్న జనం కోపంతో స్టేజీ ధ్వంసం చేశారు. మర్నాడంతా ఆఫీసులో పని చేసినవాడు లేడు. బెంగళూరుది జరుగుతుందా లేదా? ప్రతి పది నిమిషాలకీ ఒకడు ఒక పుకారు మోసుకొచ్చేవాడు. పోలీసులు అనుమతి ఇవ్వలేదని ఒకడు, బ్యాండు వెళ్ళిపోయిందని ఇంకొకడు. ఆదివారం పొద్దున లైన్లో నిలబడ్డాక కూడా నమ్మకం లేదు. నా వెనక ఢిల్లీ కుర్రాళ్ళిద్దరు, అక్కడ ఆగిపోగానే ఉన్నపళాన ఇక్కడికి విమానం ఎక్కి వచ్చినవాళ్ళు. టికెట్టు కంటే విమానానికి ఎక్కువైందట. నవ్వుతూనే చెప్పారు, కళ్ళు మాత్రం గేటు మీదే.

గిలటిన్, ఇన్నర్ శాంక్టమ్ అనే మన బ్యాండ్లు వాయించాయి, తర్వాత స్కాట్లండ్ నుంచి వచ్చిన బిఫీ క్లైరో. చీకటి పడ్డాక మెటాలికా 'క్రీపింగ్ డెత్' పాటతో మొదలుపెట్టింది. ఢిల్లీ కుర్రాళ్ళలో ఒకడు నేల మీద కూర్చుండిపోయి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. లేపాం. తర్వాత వాడంత ఎగిరినవాడు ఆ చుట్టుపక్కల లేడు. నాకు అప్పటికి ఇరవై నాలుగు, మోకాళ్ళు అప్పుడే మాట్లాడటం మొదలుపెట్టాయి. ముందుకెళ్ళాలా వద్దా అని రెండు నిమిషాలు ఆలోచించి, ఆ కుర్రాడి వెనకే దూరాను.

తిరుగుబాటలో ఆటోవాళ్ళు మీటరు మీద ఒకటిన్నర కాదు, మూడింతలు అడిగారు. మేఖ్రి సర్కిల్ దాకా నడిచి, అక్కణ్ణుంచి హెబ్బాళ, హెబ్బాళలో లారీ, ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా రాత్రి రెండింటికి గది. సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి టీమ్ మీటింగ్. లీడ్ నన్నేదో అడిగింది. ఏమడిగిందో తెలీక అవునన్నాను. శుక్రవారంలోపల ఇస్తానని ఒప్పుకున్నానట, ఆ పని కనీసం రెండు వారాలది. మంగళవారం కర్ణాటక రాజ్యోత్సవం సెలవు కాబట్టి ఒక రోజు నిద్రపోయాను, మిగతా రోజులు నిద్రలేదు.